పుచ్చిన దుంగలో టక్కుమని ఎగిరే పురుగు: దుంగను తగలబెట్టాలా?

ఏళ్ల తరబడి ఓ మూలన పడి ఉన్న దుంగను మీరు గొడ్డలితో చీల్చారు. లోపల పసుపూ గోధుమా కలిసిన రంగులో, నున్నగా, తీగముక్కల్లా గట్టిగా ఉన్న పురుగులు ఐదారు కనిపించాయి. పక్కనే చిన్న గూడులాంటి ఖాళీలో ముదురు గోధుమ రంగు పెంకుపురుగు ఒకటి కదలకుండా ఉంది. చచ్చిందనుకుని అరచేతిలో వేసుకుంటే టక్కుమని ఎగిరిపడింది. ఇవి ఇంట్లో తలుపులకీ బల్లలకీ పడతాయా, దుంగను తగలబెట్టేయాలా, కాదంటే పెంచి చూడొచ్చా అని అడిగారు.

తగలబెట్టొద్దు. మీ తలుపులకు వచ్చిన ప్రమాదమేమీ లేదు. మీరు చూసింది క్లిక్ బీటిల్. ఆ తీగముక్కలు దాని పిల్లలు, అంటే లార్వాలు. మోడులూ తొర్రలూ వెతుక్కుంటూ తిరగడం నాకు ఇరవై ఏళ్ల అలవాటు. చేవ చెడని ఎండు కలపలో ఇవి బొరియ చేసుకుని ఉండగా ఒక్కసారి కూడా చూడలేదు. తలుపులకు సన్నటి బొక్కలు పెట్టి పిండిలాంటి పొడి రాల్చే పురుగులు వేరే కుటుంబాలవి, వాటికి ఎండు కలప చాలు. క్లిక్ బీటిల్ లార్వాకు అలా కుదరదు. చెక్కలో తేమ ఉండాలి, శిలీంధ్రం పట్టి మెత్తబడి ఉండాలి, గోరుతో నొక్కితే దిగబడాలి. అంతకన్నా ముఖ్యం, తినడానికి అందులో ఇంకెవరైనా ఉండాలి.

ఆ 'ఇంకెవరైనా' ఎవరో చెబుతాను. ముందు మీ టెన్షన్ సంగతి తేల్చేద్దాం. బహుశా మీరు నెట్‌లో 'వైర్‌వార్మ్' (తీగపురుగు, ఈ లార్వాలకు ఇంగ్లిష్ పేరు) అని వెతికి ఉంటారు. వెతగ్గానే బంగాళాదుంపలకు బొక్కలు, మొక్కజొన్న మొలకల నాశనం, పురుగుమందుల ప్రకటనలు వరసగా వచ్చి ఉంటాయి. అవన్నీ నిజమే, కానీ మీ పురుగు గురించి కాదు. క్లిక్ బీటిల్స్ కుటుంబం పేరు ఎలాటెరిడే. ప్రపంచం మొత్తం మీద దాదాపు 10,000 జాతులున్న పెద్ద కుటుంబం. అందులో అగ్రియోటీస్ లాంటి కొన్ని ప్రజాతుల లార్వాలు మట్టిలో ఉండి వేళ్లనూ దుంపలనూ తింటాయి. కుటుంబం మొత్తానికి చెడ్డపేరు తెచ్చింది ఆ కొద్దిమందే. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అంటారు కదా, ఇది దానికి తిరగేసిన కథ. పేరుకే కంపు, దుంగలో ఉన్నవాళ్లు మర్యాదస్తులు.

మర్యాదస్తులని అన్నానే గానీ, తోటి పురుగులను అడిగితే ఆ మాట ఒప్పుకోవు. పుచ్చిన చెక్కలో ఉండే క్లిక్ బీటిల్ లార్వాల్లో చాలావాటిది కలగలుపు తిండి. శిలీంధ్రం పట్టిన చెక్క, చచ్చిన పురుగుల అవశేషాలు, దొరికితే బతికున్న లార్వాలు, ప్యూపాలు (లార్వాకూ పెద్ద పురుగుకూ మధ్య, కదలకుండా ఉండే దశ). కొన్నయితే పూర్తిగా వేటగాళ్లే. ఉత్తర అమెరికా తూర్పు ప్రాంతంలో అలాస్ ఆక్యులేటస్ అని ఒకటుంది. మెడ మీద రెండు పెద్ద నల్లటి దొంగకళ్లుంటాయి, పిట్టలు బెదిరిపోవడానికి. దాని లార్వా కుళ్లిన చెక్కలో తిరుగుతూ పొడవు మీసాల పెంకుపురుగుల లార్వాలను, అంటే నిజంగా చెక్కను తొలిచే వాటిని, వేటాడి తింటుంది. దాన్ని చూసి చెక్కకు పురుగు పట్టిందని కంగారుపడేవాళ్లున్నారు. ఇంట్లో పిల్లి కనబడితే ఎలుకలు వచ్చాయని పిల్లిని తరమడం లాంటిది అది.

ఇవి తినే పద్ధతి భూతద్దం కింద ఒకసారి చూస్తే మర్చిపోరు. లార్వా నోటి దగ్గర దట్టమైన వెంట్రుకల జల్లెడ ఉంటుంది. గట్టి ముక్కలు గొంతులోకి దిగవు. అందుకని అది ఎరను కొరికి, గాయంలోకి జీర్ణరసాలు వదిలి, లోపలి కండ జావగా మారాక పీల్చుకుంటుంది. నేను చూసినప్పుడు అర అంగుళం లార్వా ఒకటి తనకన్నా లావుగా ఉన్న తెల్లటి లార్వా పక్కలో తల దూర్చి చాలాసేపు కదలకుండా ఉండిపోయింది. ఎర మాత్రం గాలి తీసిన సంచిలా నెమ్మదిగా ముడుచుకుపోయింది. చివరికి మిగిలింది ఉత్త తోలు.

ఇక ఆ టక్కుమనే శబ్దం. పురుగును వెల్లకిలా పడేయండి. కాళ్లు పొట్టివి, ఒళ్లు పొడుగు, వీపు నున్నన. కాళ్లతో తిరగబడలేదు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టు అంటాం కదా, ఇది నిజంగానే ఎగురుతుంది. రొమ్ము కింద, ముందు కాళ్ల మధ్య నుంచి వెనక్కి చాచిన చిన్న మేకులాంటి ముల్లు ఉంటుంది. దానికి ఎదురుగా, మధ్య కాళ్ల దగ్గర, ఆ ముల్లు సరిగ్గా దిగే గుంట ఉంటుంది. పురుగు ముందు తలనూ మెడనూ వెనక్కి విరుచుకుని వంతెనలా వంగుతుంది. అప్పుడు ముల్లు గుంటలోంచి బయటికొచ్చి దాని అంచు మీద ఆగుతుంది. లోపల కండరం బిగుసుకుంటూనే ఉంటుంది, అంచు మాత్రం ముల్లును జారనివ్వదు. ఒక్కసారి జారిందా, ముల్లు గుంటలోకి దూసుకుపోతుంది, మెడా రొమ్మూ ఫటాలున మడుచుకుంటాయి, ఒళ్లు గాల్లోకి లేస్తుంది. చిటిక వేయడం గుర్తు చేసుకోండి. బొటనవేలి మీద మధ్యవేలు ఒత్తి పట్టి ఉంచినంతసేపూ శబ్దం లేదు, జారాకే టక్.

1970ల మొదట్లో బ్రిటన్‌లో ఎవాన్స్ అనే శాస్త్రవేత్త ఈ గెంతును కొలిచాడు. ఎత్తు దాదాపు 30 సెంటీమీటర్లు. ఎగిరే క్షణాన పురుగు ఒంటి మీద పడే త్వరణం భూమ్యాకర్షణకు సుమారు 380 రెట్లు. ఆ మడత పూర్తవడానికి పట్టే సమయం సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. కండరం ఒక్కటే అంత వేగంగా ముడుచుకోలేదు. నెమ్మదిగా కూడబెట్టిన శక్తిని ఒంటి పెంకు స్ప్రింగులా వంగి దాచుకుంటుంది, జారగానే ఒక్కసారి వదిలేస్తుంది. 2021లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు హైస్పీడ్ ఎక్స్-రేలతో దీన్ని తీసి లెక్కలు కట్టారు.

ఇంత హంగామా చేసినా కాళ్ల మీద పడుతుందన్న గ్యారంటీ లేదు. గాల్లో దిశ మార్చుకునే ఏర్పాటేమీ లేకపోవడంతో బొమ్మా బొరుసూ లెక్కే. తప్పితే మళ్లీ ఎగురుతుంది. తిరగబడటం ఒక్కటే దీని ఉపయోగం కాదు. పిట్ట ముక్కులోనో మన వేళ్ల మధ్యో ఉన్నప్పుడు ఆ కుదుపుకు పట్టు వదిలేస్తాం. మీ అరచేతిలో జరిగింది ఇదే. ఇది కుట్టదు, విషమేమీ లేదు. పిల్లలకు చూపించడానికి ఇంతకన్నా మంచి పురుగు నాకు తెలియదు.

ఆ పెంకుపురుగు గూడులో కదలకుండా ఎందుకుంది? ఇదే తప్పు నేనూ చేశాను. మొదట్లో ఒక చలికాలం మోడు ఒకటి విప్పితే, వేలిగోరంత గదుల్లో ఆంపిడస్ అనే ప్రజాతికి చెందిన ఎర్ర రెక్కల క్లిక్ బీటిల్స్ నాలుగు బిగుసుకుపోయి ఉన్నాయి. ప్యూపా నుంచి బయటపడలేక చచ్చాయనుకుని రెండింటిని పారేశాను. మిగిలిన రెండూ డబ్బాలో పెట్టి గదిలో ఉంచితే సాయంత్రానికి నడుస్తున్నాయి. ఆంపిడస్ ప్రజాతిలో మామూలుగా జరిగేదేమిటంటే, వేసవి చివర్లో లార్వా తన చుట్టూ చెక్కపొడితో గది కట్టుకుని ప్యూపాగా మారుతుంది. కొన్ని వారాల్లోనే పెంకుపురుగు తయారవుతుంది గానీ బయటికి రాదు. చలికాలమంతా ఆ గదిలోనే పడుకుని వసంతంలో వస్తుంది. బయటికొచ్చాక కొన్ని వారాలే దాని ఆటంతా. లార్వాగా గడిపేది మాత్రం ఏళ్లు, జాతిని బట్టీ తిండిని బట్టీ రెండు నుంచి ఐదు. మనం పురుగు అని పిలిచేది దాని జీవితంలో చివరి చిన్న అధ్యాయం. కాబట్టి మీ చేతిలో పడింది చచ్చిన పురుగు కాదు, వేళ కాకుండా నిద్ర లేపిన పురుగు.

ఏ జాతి అని కూడా అడిగారు. గోధుమ రంగు, ముప్పావు అంగుళం అన్నంత మాత్రాన చెప్పలేను. చెప్పేవాళ్లుంటే నమ్మకండి. దీనికి నా పద్ధతి వేరు. పురుగు కన్నా ముందు చెక్కను చూస్తాను.

పుచ్చడంలో రకాలున్నాయి. ఒక రకం శిలీంధ్రాలు చెక్కలోని సెల్యులోజ్‌ను, అంటే పీచు పదార్థాన్ని, తినేసి ఆ పీచును గట్టిగా పట్టి ఉంచే లిగ్నిన్‌ను వదిలేస్తాయి. అప్పుడు చెక్క ఎర్రటి గోధుమ రంగుకు తిరిగి, ఇటుక పగిలినట్టు గళ్లుగళ్లుగా విరుగుతుంది, వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతుంది. ఇంకో రకం లిగ్నిన్‌ను కూడా తింటాయి. అప్పుడు చెక్క తెల్లబడి, పీచులు పీచులుగా, తడిసిన దూదిలా వస్తుంది. మూడోది వేరే లోకం: బతికున్న ముసలి చెట్టు తొర్రలో దశాబ్దాల పాటు పుచ్చిన చెక్క, పురుగుల పెంట, ఆకులు, గూళ్ల చెత్త కలిసి తయారైన నల్లటి పొడి. ఈ మూడింట్లో కాపురం ఉండే క్లిక్ బీటిల్స్ చాలావరకు వేరువేరు. యూరప్‌లో లాకాన్ క్వెర్షియస్ కావాలంటే ఎర్రగా పుచ్చిన ముసలి ఓక్ చెట్టు వెతకాలి. డెంటికోలిస్ లార్వాలు మెత్తగా తెల్లబడిన దుంగల్లో, బెరడు కింద దొరుకుతాయి. మెలనోటస్‌కు అంత పట్టింపు లేదు, పుచ్చిన మోడు కనబడితే చాలు. చెక్క రకం తెలిస్తే వెతకాల్సిన జాబితా సగానికి సగం తగ్గిపోతుంది.

ఆ తర్వాత లార్వా తోక చూడాలి, తల కాదు. తోక ఒకే మొనతో పెన్సిల్ చెక్కినట్టు ఉంటే ఆంపిడస్ వైపు. చదునుగా ఉండి అంచున చిన్న చిన్న గుబ్బలుంటే మెలనోటస్ వైపు. చివర చీలి రెండు కొమ్ముల్లా ఉండి, ఒళ్లు కూడా కాస్త బల్లపరుపుగా ఉంటే డెంటికోలిస్, ఆథౌస్ లాంటివి. ఇలాంటి గట్టి ఒళ్లే ఉండి మోసం చేసేవి నల్లపెంకు పురుగుల లార్వాలు. పిట్టలకు వేసే మీల్‌వార్మ్ ఆ కుటుంబందే. వాటికి నోటి మీద విడిగా కదిలే పైపెదవి ఉంటుంది. క్లిక్ బీటిల్ లార్వాకు అది ఉండదు, నుదుటి ముందంచే పళ్లున్న గట్టి పలకలా అయిపోయి ఉంటుంది. పది రెట్లు చూపే భూతద్దం చాలు.

మూడో రకం చెక్క గురించి ఇంకొంచెం చెప్పకుండా ఉండలేను, తొర్రలంటే నాకు పక్షపాతం. యూరప్‌లో ఎలాటర్ ఫెరూజినియస్ అని తుప్పు రంగు పెద్ద క్లిక్ బీటిల్ ఉంది. దాని లార్వా తొర్రల్లోని నల్లపొడిలో తిరుగుతూ ఆస్మోడెర్మా ఎరెమిటా లాంటి పెంకుపురుగుల లార్వాలను తింటుంది. ఆస్మోడెర్మా మగపురుగు ఆడపురుగును పిలవడానికి ఒక వాసన వదులుతుంది, మనుషుల ముక్కుకు కూడా పండిన పీచ్ పండులా తెలిసే వాసన. ఆ వాసనే ఎలాటర్‌ను కూడా లాక్కొస్తుంది. పెళ్లి కోసం పంపిన కబురు పట్టుకుని శత్రువు గుమ్మంలోకి వస్తాడన్నమాట. ఇప్పుడు స్వీడన్, పోలండ్ లాంటి చోట్ల పరిశోధకులు తొర్రలు తవ్వి పాడుచేయకుండా, ఈ పురుగుల వాసనలను కృత్రిమంగా తయారుచేసి ఎరలుగా కడుతున్నారు. ఏళ్ల తరబడి కళ్లతో వెతికినా దొరకని పురుగు అలా తనంతట తానే వస్తోంది.

ఇంకొకటి లిమోనిస్కస్ వయొలేషియస్. నీలిమెరుపున్న నల్లటి పురుగు, సెంటీమీటరు పైచిలుకు. దీనికి తొర్ర ఉంటే సరిపోదు. చెట్టు మొదట్లో, నేలను తాకుతూ, లోపల తడి నల్లపొడి నిండిన తొర్రే కావాలి. బ్రిటన్‌లో దీన్ని మొదటిసారి చూసింది 1937లో, విండ్సర్ అడవిలోని బీచ్ చెట్లలో. ఇప్పటికీ ఆ దేశంలో ఇది ఉన్న చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చట్టం దీన్ని కాపాడుతోంది. కానీ చట్టం తొర్రను తయారుచేయలేదు కదా. స్వీడన్‌లో ఓక్ చెట్లను లెక్కపెట్టి చూస్తే, వందేళ్ల లోపు చెట్లలో తొర్రలున్నవి నూటికి ఒకటి కూడా లేవు. 200 నుంచి 300 ఏళ్ల వయసు చెట్లకొచ్చేసరికి సగం వాటికి తొర్రలున్నాయి. ఇవాళ ఒక ముసలి చెట్టును 'ఎలాగూ బోలుపోయింది' అని కొట్టేస్తే, దాని స్థానంలో నాటిన మొక్క ఆ పురుగుకు పనికొచ్చేది మన మునిమనవల తర్వాత. 2018లో ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ) యూరప్‌లో పుచ్చిన చెక్క మీద ఆధారపడే పెంకుపురుగులను దాదాపు 700 జాతులు పరిశీలిస్తే వాటిలో సుమారు 18 శాతం అంతరించే ముప్పులో ఉన్నాయని తేలింది. ముసలి చెట్లు పోవడమే దానికి పెద్ద కారణం.

మీ దుంగ అంత అరుదైనది కాకపోవచ్చు. అయినా దాన్ని ఉన్నచోటే ఉంచండి. చీల్చిన ముక్కలను వీలైనంతవరకు మళ్లీ కలిపి, ఊడిన బెరడు పైన కప్పి, నేలకు తగిలేలా పెట్టండి. సగం నీడ, సగం ఎండ తగిలే చోటైతే మరీ మంచిది. పూర్తిగా ఎండలో పెడితే వారంలో ఎండిపోతుంది, లోపలివన్నీ చస్తాయి. అలా ఒక దుంగ మొత్తాన్ని చంపిన ఘనత నాకుంది, 'ఫోటోలు తీసి రేపు మూసేద్దాం' అనుకుని మూడు రోజులు వదిలేశాను. ముక్కలు చెక్కలుగా నరికి పోగు పెట్టడం కూడా వద్దు. లావు దుంగ తేమను పట్టి ఉంచినట్టు పేళ్లు ఉంచలేవు. నిలబడి ఉన్న ఎండు చెట్టు దారి మీద పడుతుందని భయముంటే పైభాగం తీయించి మొదలు వదిలేయండి. ఎక్కడైనా తొర్ర కనబడితే మాత్రం చెయ్యి పెట్టి పొడి తవ్వొద్దు. టార్చి వేసి చూసి వచ్చేయండి.

పెంచడం కష్టమేమీ కాదు, ఓపికే కావాలి. ఒక్కో లార్వాకు ఒక్కో డబ్బా. ఇది సరదాగా చెప్పడం లేదు. ఐదింటిని ఒకే డబ్బాలో పెట్టి రెండు వారాల తర్వాత తెరిస్తే నాకు ఒక బలిసిన లార్వా, నాలుగు ఖాళీ తొక్కలు మిగిలాయి. మూతకు సన్నటి బెజ్జాలు చేసి, అదే దుంగలోని చెక్కపొడితో డబ్బాను ముప్పాతిక వంతు నింపండి. పిడికిట్లో పిండితే నీటిచుక్క రాలకూడదు, అరచేతికి చెమ్మ మాత్రం తెలియాలి. తడి ఎక్కువైతే బూజూ, మైట్స్ అనే కంటికి ఆనని సన్నటి పురుగులూ వస్తాయి, ఎండకన్నా అదే ఎక్కువ చంపుతుంది. నీడలో, బయటి వాతావరణానికే వదిలేయండి. చలికాలం చలి తగలనివ్వండి. నెలకోసారి ఏదైనా చిన్న లార్వానో ప్యూపానో వేస్తే చాలు, పాతది మిగిలితే తీసేయండి. చెక్కపొడిలో గోడలు నున్నగా ఉన్న గది కనబడిందంటే ప్యూపా దశ వచ్చినట్టే. ఆ గదిని అసలు కదపొద్దు. కూలితే మళ్లీ కట్టుకోలేదు.

ఆ పెంకుపురుగు సంగతి. దాన్ని దుంగ దగ్గరే బెరడు కిందికి వదిలేయండి, మీ దగ్గర దానికి పనేమీ లేదు. జాతి తెలుసుకోవాలంటే మూడు ఫోటోలు పంపండి: లార్వా తోక పై నుంచి ఒకటి, అదే తోక పక్క నుంచి ఒకటి, పక్కన ఒక స్కేలు పెట్టి. మూడోది మర్చిపోవద్దు, అది దొరికిన చెక్క ముక్కను విరిచి ఆ విరిగిన ముఖం కనబడేలా తీయండి. తెల్ల పీచా, ఎర్ర గళ్లా చూస్తే చాలావరకు అక్కడే తేలిపోతుంది.